పది గంటల లోపల సంతకం

నాకు కోపం ఎక్కువ. గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదిది. ప్రొద్దుటూరులో నేను పనిచేసిన పోలీసు స్టేషన్ ఎదురుగా టీ కాచే మనిషి మొదలుకొని జమ్మలమడుగులో మా పాస్టరయ్య దాకా అందరూ ఒప్పుకున్న సంగతే. నేను అక్కడ హెడ్ కానిస్టేబులును, స్టేషన్ రైటరును. రైటరంటే కథలు రాసేవాడనుకునేరు. ఫిర్యాదులు, రిజిస్టర్లు, కోర్టుకు పోయే కాగితాలు రాసేవాడు. ఎస్సైలు వస్తారు, బదిలీ అయి పోతారు. రైటరు మాత్రం బీరువా మాదిరి ఉన్నచోటే ఉంటాడు. ఏ కాగితం ఎక్కడుందో వాడొక్కడికే తెలుసు గనుక, కొత్తగా వచ్చిన ప్రతి ఎస్సై స్టేషనుతో పాటు నా కోపాన్ని కూడా ఛార్జి తీసుకోవలసి వచ్చేది.

మా ఇల్లు జమ్మలమడుగులో. మా ముత్తాతలు దొరల కాలంలో మిషను బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. అప్పటినుంచి మా కుటుంబాల్లో అయితే పంతులు ఉద్యోగం, కాకపోతే సర్కారు యూనిఫారం. మా ఆవిడ మొదటిది, నేను రెండోది. ఆవిడ ముప్పయ్యేళ్ళు బడిలో పిల్లకాయలకు చదువు చెప్పింది, ఒక్కనాడు బెత్తం పట్టలేదు. నేను బెత్తం లేకుండా కాఫీ కూడా తాగలేదు. మా ఇంట్లో వాదన ఏదైనా ఉందంటే ఈ ఒక్కదాని గురించే. భయం ఉంటేనే భక్తి అని నేను. భయం ఉంటే భయమే ఉంటుంది, భక్తి ఎందుకుంటుంది అని ఆవిడ.

ఆదివారమంటే నాకు మామూలు కంటే కొంచెం ఎక్కువ కోపం. చర్చిలో ఆరాధన మొదలవగానే వెనక బల్ల మీద కాసేపు కూర్చుని, పాట సగంలో లేచి, ప్రొద్దుటూరు బస్సెక్కాలి. ఎందుకంటే ఆదివారం మా స్టేషనులో సంతకాల రోజు. బెయిలు మీద బయట ఉన్నవాళ్ళు కొందరు కోర్టు చెప్పిన షరతు ప్రకారం వారానికొకసారి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, తాము పారిపోలేదని రుజువు చేసుకుని పోవాలి. షరతు ఏంటంటే, ఉదయం పది గంటల లోపల. నేను చేరేసరికి పదీ పదీ పావు అయ్యేది. ఆ సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు, గడియారం నా వెనక గోడకు ఉండేది గనుక.

ఆ సంతకాల వాళ్ళలో ఒకడు ఇరవయ్యేళ్ళవాడు. పులివెందుల అవతల పల్లె. పులివెందుల బస్టాండు దగ్గర ఒక మెకానిక్ షాపులో పనిచేసేవాడు. ప్రొద్దుటూరుకు ఏదో పెళ్ళికి వచ్చి, గుడ్డల అంగడి ముందు నిలబెట్టిన బండి ఒకదాన్ని తీసుకుని గండికోట దాకా పోయి, లోయ చూసి తిరిగొచ్చాడు. అంతటితో ఎక్కడిదక్కడ పెట్టేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బండికి బ్రేకులు సరిగా పడటం లేదని వాడికి మనసొప్పక, తన చేతి దుడ్లు పెట్టి బ్రేకులు మార్పిద్దామని ఇక్కడి మెకానిక్ దగ్గరికి తోలుకుపోయాడు. ఆ బండి ఆ మెకానిక్ పాత గిరాకీది. అట్లా దొరికాడు. నా సర్వీసులో ఎందరో దొంగల్ని చూశాను గానీ, దొంగిలించిన బండికి రిపేరు చేయించబోయి దొరికినవాణ్ణి అదే మొదలు చూడటం.

పట్టుకొచ్చిన రోజు నేను వాణ్ణి చెంప మీద ఒకటి కొట్టాను. ఎందుకు కొట్టానంటే అప్పుడైతే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను.

బెయిలు వచ్చాక మొదటి ఆదివారం వాడు పదకొండు గంటలకు వచ్చాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి గడియారం వైపు వేలు చూపించాను.

"టైమెంతరా?"

"బస్సు రాల్యా సార్."

"అందరూ చెప్పే మాటే. వచ్చేటోళ్ళకు బస్సు వస్తాది, రానోళ్ళకు రాదు. పోయి ఆ జీపు కడుగు."

మా స్టేషన్ జీపు రెండేళ్ళుగా తోస్తే గానీ కదిలేది కాదు. కానిస్టేబుళ్ళకు అదొక వరం. ఎక్కడ గొడవ జరిగినా "జీపు స్టార్టు కావడం లేదు సార్" అనే మాట ముందే సిద్ధంగా ఉండేది. వాడు మధ్యాహ్నం దాకా దాన్ని కడిగి, ఊరికే ఉండలేక బానెట్ ఎత్తి ఏదో కదిలించి, ఇంకేదో బిగించాడు. తాళం తిప్పగానే జీపు గుర్రుమంది. ఆ వారం మా కానిస్టేబుళ్ళు మూడు గొడవలకు వేళకు పోవలసి వచ్చింది. వాడి మీద నాకంటే వాళ్ళకే ఎక్కువ కోపం వచ్చింది.

రెండో ఆదివారం వాడు అందరికంటే ముందే ఉన్నాడు. ఎందుకంటే పొద్దున బస్సును నమ్ముకోలేక శనివారమే వచ్చి ప్రొద్దుటూరు బస్టాండులో పడుకుంటే, గస్తీ వాళ్ళు అనుమానాస్పదంగా ఉన్నాడని తెచ్చి లోపల కూర్చోబెట్టారు. పొద్దున లోపలినుంచి బయటికి వచ్చి సంతకం పెట్టి పోయాడు. "ఈ వారం టైముకు వచ్చినావే" అని నేను వెటకారం కూడా చేశాను.

మూడో ఆదివారం మళ్ళీ పదకొండు. మళ్ళీ బస్సు రాలేదన్నాడు. నేను రిజిస్టరు మూసి, బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాను.

"ఇంగొక్కసారి పది దాటితే కోర్టుకు రాస్తా. బెయిలు రద్దయితాది. కడప జైల్లో కూసుంటావు. ఆడ బస్సుతో పనిల్యా."

వాడి మొహం తెల్లబోయింది. రాస్తానంటే రాసేవాణ్ణే నేను, ఆ సంగతి వాడికీ తెలుసు. నాలుగు వాక్యాల కాగితం, ఎస్సై సంతకం, అంతే. ఇరవయ్యేళ్ళవాడు జైలుకు పోతాడు. షాపువాడు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. తిరిగొచ్చాక వీడికి మిగిలేది జైల్లో పరిచయమైన వాళ్ళే. ఇదంతా నాకు తెలియదని కాదు. నా చేతుల మీదుగా అట్లా పోయి మళ్ళీ మా స్టేషనుకే వచ్చినవాళ్ళను ఎందరినో చూశాను. మొదటిసారి దెబ్బలకు ఏడ్చేవాళ్ళు. రెండోసారి ఏడ్చేవాళ్ళు కాదు. మా శిక్షణలో వచ్చిన మార్పు అదొక్కటే. అయినా నా నమ్మకం నాది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పులివెందుల నుంచి పొద్దున బస్సు ఎన్నింటికి?"

"నాకేం తెలుసు?"

"ముద్దనూరులో మారల్లేమో. మారితే ఆడ ఎంతసేపు నిలబడల్ల?"

"నేను పోలీసును మే, డిపో మేనేజరును కాదు."

"పోనీ మీరు ఏ ఆదివారమన్నా పదింటికి పోయినారా?"

నేను మజ్జిగ అడిగాను. జవాబు లేనప్పుడు మజ్జిగ అడగడం నాకు పెళ్ళైన కొత్తలో అబ్బిన అలవాటు.

నాలుగో ఆదివారం నేను పదీ పదికి చేరేసరికి వాడు వరండాలో నిలబడి ఉన్నాడు. చొక్కా నలగలేదు, తల దువ్వి ఉంది. సెంట్రీని అడిగితే తొమ్మిదీ నలభైకే వచ్చాడన్నాడు. ఆ పై వారం తొమ్మిదిన్నరకే. ఆ పై వారమూ అంతే. బస్సు అదే, రోడ్డు అదే, పల్లె అదే. మారిందేమిటి? నేను పెట్టిన భయం. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నాకు గర్వం తలకెక్కింది. కొత్త ఎస్సైకి చెప్పాను. టీ అంగడిలో చెప్పాను. మా చర్చిలో యువజనుల కూడిక జరిగితే, పిల్లల పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నలభై నిమిషాలు చెప్పాను. పేరు చెప్పకుండా వీడి కథే చెప్పి, దండన మనిషిని ఎట్లా నిలబెడుతుందో వివరించాను. ముసలివాళ్ళంతా తల ఊపారు. పిల్లకాయలంతా ఫోన్లు చూసుకున్నారు. మా ఆవిడ మాత్రం ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తూ ఉంది, ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ రోజుల్లోనే ఇంకొక చిక్కు వచ్చిపడింది. మా స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద కేసుల్లో పట్టుకున్న బండ్లు తుప్పుపట్టి పడి ఉండేవి. వాటి జాబితా సరిచూడమని పైనుంచి కాగితం వచ్చింది. ఆదివారం తీరికగా ఉంటుంది గదా అని, స్టేషను చేరగానే, సంతకాలు మొదలుపెట్టక ముందే నేనే స్వయంగా లెక్కపెట్టాను. ఇరవైమూడు. సోమవారం ఎస్సై ముందు లెక్కపెడితే ఇరవైరెండు. పోలీసు స్టేషన్లో పట్టుబడిన బండి పోయిందంటే చిన్న సంగతి కాదు. సెంట్రీ మీద అరిచాను. వాడు దేవుడి మీద ఒట్టేశాడు. మళ్ళీ ఆదివారం లెక్కపెడితే ఇరవైమూడూ ఉన్నాయి. మళ్ళీ సోమవారం ఇరవైరెండు. సోమవారం పూట నాకు చూపు మందగిస్తుందేమోనని పోయి కళ్ళద్దాలు మార్పించుకున్నాను. సర్వీసంతా దొంగల్ని పట్టుకున్న బుర్రకు ఇంతకంటే ఏమీ తట్టలేదు.

ఆ ఇరవైమూడులో ఒకటి నాకు బాగా గుర్తు. సీటుకు బంగారు జరీపూల గుడ్డతో తొడుగు కుట్టి ఉంది. తక్కిన తుప్పు బండ్ల మధ్యకు, కల్యాణ మండపానికి పోతూ దారితప్పి వచ్చినట్టుండేది. "ఎవరిదిరా ఈ పెండ్లికొడుకు బండి?" అని అడిగితే కానిస్టేబులు, "ఏదో కేసుది సార్" అన్నాడు. నేను దాని నంబరు కూడా జాబితాలో రాసుకున్నాను, నా సొంత దస్తూరీతో.

వాడు వేళకు రావడం మొదలుపెట్టాక ఆరో ఆదివారం. వాడు సంతకం పెట్టి పోబోతుంటే, జీపు మళ్ళీ మొరాయించిందని చెప్పి, "రేయ్, ఒకసారి చూసిపో" అన్నాను. శిక్షగా మొదలైన పని అప్పటికి నాకు సౌకర్యంగా మారింది. వాడు గడియారం వైపు రెండుసార్లు చూసి, కాదనలేక బానెట్ ఎత్తాడు.

పదకొండు కావస్తుండగా గేటు ముందు ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. తెల్ల టోపీ, మెడలో కొలతల టేపు, చేతిలో టిఫిన్ క్యారియర్. సాయిబు, వృత్తి దర్జీ. కువైట్లో చాలా ఏళ్ళు మిషను తొక్కి, ఇప్పుడు పులివెందులలో చిన్న అంగడి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆవరణలో ఒక నిమిషం నిలబడి, వేపచెట్టు వైపు చూసి, తల గోక్కుని, నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సలాం సార్. నా బండి పోయింది."

"యాడ పోయింది?"

"ఈడికే వచ్చింది సార్. అదో, మీ చెట్టు కింద ఉండాది."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆయన క్యారియర్ నా బల్ల మీద, సరిగ్గా సంతకాల రిజిస్టరు మీద పెట్టి, నింపాదిగా చెప్పుకొచ్చాడు.

"మా అక్క ఈ ఊర్లోనే ఉంది సార్, మంచం మీద. ఆదివారం ఆదివారం ఆమెకింత అన్నం తెస్తా. కంటి ఆపరేషన్ అయినాక పెద్ద రోడ్డు మింద బండి తోలొద్దనిరి. అందుకే పులివెందుల బస్టాండు కాడ బండి పెట్టి బస్సుకొస్తా. ఈ పొద్దు కిటికీ కాడ సీటు దొరికింది. ముద్దనూరు ఇంగా రాకముందే ఒక బండి రయ్యిన మా బస్సును దాటుకోని పాయె. సీటు మింద జరీపూలు. షేర్వానీ కుట్టినాక మిగిలిన గుడ్డ సార్ అది, నేనే కుట్టింటి. ఆహా, నా మాదిరి పిచ్చోడు ఈ జిల్లాలో ఇంగొకడు ఉండాడే అని సంతోషపడితి. ఇప్పుడు ఆటోలో ఈ దావన పోతాంటే మీ గేటులోంచి కనపడె. నంబరు చూస్తే నాదే."

జీపు బానెట్ చాటునుంచి వాడు బయటికి వచ్చాడు. చేతుల నిండా గ్రీజు. పారిపోవచ్చు, గేటు తెరిచే ఉంది. పారిపోలేదు. వచ్చి మా ఇద్దరి ముందు నిలబడ్డాడు.

"నేనే తెచ్చినా మామా. మా షాపు ముందరే గదా నువ్వు పెట్టి పోయేది. సాయంత్రం నువ్వు దిగే లోపల ఆడనే పెట్టేస్తాంటి."

నాకు ఆరు ఆదివారాలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తొమ్మిదీ నలభై, తొమ్మిదిన్నర, నలగని చొక్కా, ఇరవైమూడో బండి. నా భయం వాణ్ణి దారిలో పెట్టిందని ఊరంతా చాటాను. నా భయం వాడి చేత వారానికొక దొంగతనం చేయించింది. బండి దొంగతనం కేసులో సంతకం పెట్టడానికి వాడు బండి దొంగిలించి వచ్చాడు.

"ఎందుకు చేసినావురా?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"పది లోపల రావాలంటిరి గదా సార్. తొలి బస్సు పట్టినా ముద్దనూరులో మారి వచ్చేసరికి పదకొండు అయితాంది."

"తెచ్చి తెచ్చి స్టేషన్లోనే పెడతావా?"

"బయట పెడితే ఎవురన్నా ఎత్తకపోతారని సార్. మామ బండి."

నా చెయ్యి లేచింది. అది ముప్పయ్యేళ్ళ అలవాటు, నా అనుమతి అడగదు. దర్జీ సాయిబు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఉండండి సార్. కొట్టేది ఎప్పుడైనా కొట్టొచ్చు. ముందు నేనొకటి అడగల్ల." వాడి వైపు తిరిగాడు. ఆయన మొహం నిజంగానే ఎర్రబడింది. "ఏమిరా, ఆరు వారాల నుంచి నేను ఆ బస్సులో మూటల మధ్య ఒంటికాలి మింద నిలబడుకోని వస్తాండా. నా బండి నాకంటే ముందు వస్తాండాది. ఎనక సీటు ఖాళీగానే వచ్చింది గదరా. నన్ను ఎక్కించుకోని వచ్చింటే నీ సొమ్మేం పోయె?"

వాడు వేపచెట్టు కింద ఆ జరీపూల సీటు వైపు చూశాడు.

"ఇంగొకటి. బండిలో పెట్రోలు తగ్గకుండా ఉండ్య. చైను చప్పుడు పాయె. అంగట్లో అందరికీ చెప్పుకుంటి, అల్లా దయ, నా బండికి ఏదో బర్కత్ తగిలిందని. దర్గాలో చక్కెర గూడా చదివిస్తి. అదంతా నీ పనేనా?"

"పెట్రోలు నేనే పోసినా మామా. చైను వదులుగా ఉంటే బిగించినా."

"చక్కెర మాత్రం నాది పాయె," అన్నాడాయన.

సెంట్రీ నవ్వు ఆపుకోలేక గేటు వైపు తిరిగాడు. నేను నవ్వలేదు. కలం తీసి, తెల్ల కాగితం ఒకటి ఆయన ముందుకు జరిపాను. నా ఉద్యోగం అది. కంప్లైంటు రాసిస్తే ఇంకొక కేసు, దాంతో పాత బెయిలు పోతుంది, సాయంత్రానికి వాడు కడపలో ఉంటాడు. వాడు ఆ కాగితాన్నే చూస్తున్నాడు. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకోవడం కూడా మరచిపోయాడు.

దర్జీ ఆ కాగితాన్ని మళ్ళీ నా వైపుకే జరిపాడు.

"ఏమని రాయల్ల సార్? నా బండిని ఎత్తకపోయి, కడిగి, చైను బిగించి, పెట్రోలు పోసి, ఎత్తకపోయిన చోటనే మళ్ళీ పెట్టినాడని రాయల్నా? జడ్జిసార్ నన్ను లోపలేస్తాడు." క్యారియర్ చేతికి తీసుకున్నాడు. "మా అక్క ఆకలిగొనుంటాది. పద రా, బండి తియ్. ఎనక నేను కూసుంటా. నిదానంగా పోనియ్."

వాళ్ళు కదలబోతుంటే నేను వాణ్ణి ఆపాను. అడగకుండా ఉంటే నాకే మంచిదని తెలుసు, అయినా అడిగాను.

"సంతకం పులివెందుల స్టేషన్‌కు మార్చమని మీ లాయరును ఎందుకు అడగల్యా?"

వాడు నన్ను వింతగా చూశాడు.

"మార్చుకోవచ్చా సార్? అడగొచ్చని నాకు తెల్దు."

నాకు తెలుసు. అట్లాంటి అర్జీలు ఎన్నో నా బల్ల మీదుగా పోయాయి. లాయరు అడిగిన వాళ్ళకు మారింది. అడగని వాళ్ళు బస్టాండ్లలో పడుకున్నారు. "బస్సు రాల్యా" అని వాడు రెండుసార్లు నా మొహం మీద చెప్పాడు. అర పేజీ కాగితంతో తీరే సంగతి అది. ఆ అర పేజీ గురించి ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు గానీ, జైలు గురించి చెప్పడానికి మాత్రం వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆ వయసులో, ఆ యూనిఫారంలో, సొంత కుర్చీలో కూర్చుని అంత సిగ్గుపడటం అదే మొదలు.

వేపచెట్టు కింద బండి స్టార్టు అయింది. ముందు వాడు, వెనక క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని దర్జీ, మధ్యలో జరీపూలు. గేటు దాటేటప్పుడు ఆయన "ఎడమకు ఎడమకు" అని వాడికి దారి చెబుతున్నాడు. ఆ పూట స్టేషన్ డైరీలో "విశేషం లేదు" అని రాశాను. పట్టుబడిన బండ్ల జాబితాలోంచి ఒక నంబరు కొట్టేశాను.

సాయంత్రం ఇంటికి పోయి మొత్తం చెప్పాను. మా ఆవిడ నవ్వలేదు, వాదన గెలిచినట్టు మొహం పెట్టలేదు. "యువజనుల కూడిక మళ్ళీ ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. తర్వాతి కూడికలో మిగతా సగం కూడా చెప్పాను. ఈసారి ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది, ఒక్కరూ ఫోను చూడలేదు.

లాయరుకు ఫోను చేసి, అర్జీలో ఏం రాయాలో నేనే చెప్పాను. రెండు వారాల్లో సంతకం పులివెందులకు మారింది. ఆ మరుసటి ఆదివారం దర్జీ సాయిబు నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎవురు మార్చమన్యారు సార్ మిమ్మల్ని? ఇప్పుడు ఆదివారం నన్ను ఎవురు తోలుకొస్తారు?"

"ఈ పొద్దు ఎట్లొచ్చినావు మామా?"

"వాడే తోలుకొచ్చినాడు. ఆడ సంతకం పెట్టి, తొమ్మిదికి బయల్దేరితిమి. అయినా మీరు నన్ను ఒక మాట అడగల్ల గదా."

అడగాల్సిందే, ఒప్పుకున్నాను. బయట చూస్తే వాడు జీపు బానెట్ ఎత్తి ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు.

కేసు విచారణకు వచ్చినప్పుడు వాడు చేసింది చేశానని ఒప్పుకున్నాడు. బెయిలు మీద ఉన్నన్నాళ్ళూ నడవడిక ఎట్లా ఉందని మేజిస్ట్రేటు అడిగితే, నేను లేచి, పది లోపల రావడం మొదలుపెట్టాక ఒక్క ఆదివారం కూడా తప్పలేదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. వెనక బల్ల మీద దర్జీ సాయిబు గట్టిగా దగ్గాడు. వయసు చూసి, మంచి నడవడిక బాండు మీద వదిలిపెట్టారు. బాండుకు పూచీ నిలబడింది ఆయనే. ఆ తర్వాత వాడేమీ పరిశుద్ధుడైపోలేదు. బండి వేగంగా తోలుతాడు, హెల్మెట్ పెట్టమంటే తల దురద అంటాడు. కానీ ఇంకొకరి బండి మీద చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు జమ్మలమడుగులో, గండికోట దారిలో సొంత షాపు. కోట చూడటానికి వచ్చి ఎండలో బండి ఆగిపోయిన వాళ్ళంతా వాడి గిరాకీలే.

నేను రిటైరయ్యాను. రిటైరైన వాడికి ఏటా ఒక సంతకం ఉంటుంది. తాను బతికే ఉన్నానని ఆఫీసుకు పోయి రుజువు చేసుకోవాలి, లేకపోతే పింఛను ఆగిపోతుంది. మొన్న ఏడాది మోకాళ్ళ నొప్పులతో వాయిదా వేసి వేసి, ఆఖరి రోజున జమ్మలమడుగు బస్టాండులో నిలబడ్డాను. ప్రొద్దుటూరు బస్సు గంట దాటినా రాలేదు. పక్కన ఎవరిదో బండి, తాళం చెవి దానికే వేలాడుతూ ఉంది. దాన్ని నేను అవసరమైన దానికంటే ఎక్కువ సేపే చూశాను. తర్వాత ఫోను తీసి వాడికి చేశాను.

వచ్చాడు. సీటు మీద జరీపూలు, ఈసారి ఎర్రవి. "ఎక్కండి సార్, ఎనక ఖాళీనే గదా" అన్నాడు. ఎక్కాను. "నిదానంగా పోనియ్" అని దారి పొడుగునా చెప్పాను, వాడు వినలేదు.

ఆఫీసులో కిటికీ మూస్తున్నారు. వాడి ఈడు కుర్రవాడే ఒక గుమాస్తా, నా వైపు చూడకుండా గోడ గడియారం వైపు వేలు చూపించాడు.

"టైమెంతయింది పెద్దాయనా?"

నాకు పాత కోపం గొంతు దాకా వచ్చింది. నేను నోరు తెరిచే లోపల వాడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బస్సు రాల్యా సార్," అన్నాడు, నా తరఫున.

"అందరూ చెప్పే మాటే," అన్నాడు గుమాస్తా.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏమయ్యేదో నాకు తెలుసు. గుమాస్తా ఏమనుకున్నాడో, విసుక్కుంటూనే కిటికీ మళ్ళీ తెరిచి రిజిస్టరు బయటికి జరిపాడు. నేను సంతకం పెట్టి, దాని పక్కన అలవాటు కొద్దీ టైము కూడా రాశాను.